మనసు పనితీరును, మానవ ప్రవర్తనను తరగతిలో బోధించడం ఎలా: ఉపాధ్యాయులకు సమగ్ర మార్గదర్శి

రసాయనశాస్త్రం తరగతిలో మొదటిసారి కూర్చున్న విద్యార్థులకు ఆ విషయం తమకు తెలియదన్న సంగతి తెలుసు. మనస్తత్వశాస్త్రం తరగతిలో పరిస్థితి వేరు. పుట్టినప్పటి నుంచి మనుషుల మధ్యనే పెరిగారు కాబట్టి, ఎవరికి ఎందుకు కోపం వస్తుందో, చదివింది పరీక్షలో ఎందుకు గుర్తుకు రాదో, ప్రాణస్నేహితులు ఎందుకు విడిపోతారో చెప్పడానికి వారి దగ్గర అప్పటికే సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. మీరు ఎంత ఆసక్తికరమైన పరిశోధన ఫలితం చెప్పినా అది ఆ సమాధానాలలో కలిసిపోయి, 'ఇది మనకు తెలిసిందే కదా' అనిపించుకుంటుంది. ఈ శాస్త్రాన్ని బోధించడంలోని అసలు చిక్కు ఇక్కడే ఉంది.

అందువల్ల ఈ మార్గదర్శి ఒకే క్రమాన్ని పట్టుకుని నడుస్తుంది. ముందుగా విద్యార్థులు ఏం జరుగుతుందో ఊహించి కాగితం మీద రాయాలి. తర్వాత ప్రయోగంలో తామే పాల్గొనాలి. ఆపైన వచ్చిన ఫలితాలను తామే లెక్కపెట్టాలి. పారిభాషిక పదం అన్నిటికంటే చివర రావాలి. నిర్వచనం, రకాలు, ఉదాహరణ అనే వరుసలో నడిచే పాఠ్యపుస్తకాలు పరీక్షకు ముందు పునశ్చరణ చేసుకోవడానికి బాగానే పనికొస్తాయి గాని, పాఠం మొదలుపెట్టడానికి ఆ వరుస పనికిరాదు. ఇక్కడ చెప్పే పద్ధతులు ఉన్నత పాఠశాల పై తరగతులకూ కళాశాల తొలి సంవత్సరాలకూ సరిపోతాయి.

మొదటి మెట్టు: దేనితో మొదలుపెట్టాలో నిర్ణయించుకోవడం

1879లో జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల స్థాపించడంతో ఈ శాస్త్రం మొదలైందని తొలి రోజే చెప్పడం ఆనవాయితీ. ఆ చరిత్రను నెల రోజుల తర్వాతకు వాయిదా వేయండి. మనసును కొలవడం ఎంత కష్టమో కాస్త రుచి చూసిన విద్యార్థులకే వుంట్ చేసిన పని విలువ అర్థమవుతుంది. మెదడు భాగాల పటంతో మొదలుపెట్టడమూ అంతే నిస్సారంగా ఉంటుంది. జ్ఞాపకశక్తితోనో అవధానంతోనో (ఒకదాని మీద ధ్యాస నిలపడం) ప్రారంభించండి. ఎందుకంటే వీటికి పరికరాలు అక్కరలేదు, ఫలితం అదే పీరియడ్‌లో కంటికి కనిపిస్తుంది, ఎవరి వ్యక్తిగత జీవితాన్నీ తడమవలసిన పని ఉండదు.

ఏడాదిలో అన్ని అధ్యాయాలూ ఒకే లోతులో చెప్పడం సాధ్యం కాదు. జ్ఞాపకం, అభ్యసనం, సాంఘిక ప్రభావం, పరిశోధనా పద్ధతి అనే నాలుగింటికీ ఎక్కువ పీరియడ్లు కేటాయించి, మూర్తిమత్వ (వ్యక్తిత్వ) సిద్ధాంతాల జాబితా వంటివాటిని వేగంగా దాటేయడమే మేలని నా అభిప్రాయం.

రెండవ మెట్టు: 'ఇది తెలిసిందే' అన్న భావనను మొదటి రోజే కదిలించడం

రెండు రకాల చీటీలు తయారుచేయండి. సగం చీటీలలో 'ఎడబాటు స్నేహాన్ని బలపరుస్తుంది' అనీ, మిగతా సగంలో 'ఎడబాటు స్నేహాన్ని బలహీనపరుస్తుంది' అనీ రాయండి. ఎవరి చీటీ వారే చదువుకుని, అలా ఎందుకు జరుగుతుందో రెండు వాక్యాలలో వివరించాలనీ, ఆ ఫలితం తమకు ఆశ్చర్యం కలిగించిందో లేదో చివర రాయాలనీ చెప్పండి. తర్వాత రెండు పక్షాల వారితోనూ చదివించండి. రెండు వైపులా నమ్మదగిన వివరణలే వస్తాయి, ఆశ్చర్యపోయామన్నవారు తక్కువగానే ఉంటారు. ఆ రెండు వాక్యాలనూ మీరే కల్పించారన్న సంగతి అప్పుడు తప్పక చెప్పేయండి.

సామెతల దగ్గరకు వెళ్లడానికి ఇదే సమయం. 'నిదానమే ప్రధానం' అనేదీ మనమే, 'ఆలస్యం అమృతం విషం' అనేదీ మనమే. పని చక్కబడితే ఒకటి, చెడిపోతే మరొకటి అప్పటికప్పుడు నోటికి వస్తుంది. జరిగిన తర్వాత దేన్నైనా వివరించగల మాట, జరగబోయేదాన్ని ముందుగా చెప్పలేదు. ఏ పరిస్థితుల్లో నిదానం మేలు చేస్తుంది, ఏ పరిస్థితుల్లో కీడు చేస్తుంది అని అడగడంతో సామెత పరికల్పనగా, అంటే పరీక్షించి చూడగల ఊహగా, మారుతుందని విద్యార్థుల చేతనే చెప్పించగలిగితే, మొదటి పీరియడ్ సార్థకమైనట్లే.

మూడవ మెట్టు: ఒక ప్రయోగాన్ని పూర్తిగా, తొందర లేకుండా చేయించడం

జ్ఞాపకం పాఠానికి ఈ ప్రయోగాన్ని మించినది నాకు కనిపించలేదు. తాము విననే వినని పదాన్ని విన్నట్లు గుర్తుచేసుకోవడం తమకు జరుగుతుందా లేదా అన్నది ముందుగా ఒక్క మాటలో రాసి పెట్టుకోమని, తర్వాత పెన్నులు కింద పెట్టించండి. ఆపైన ఈ పదాలను సుమారు ఒకటిన్నర సెకనుకు ఒకటి చొప్పున, స్వరంలో ఎత్తుపల్లాలు లేకుండా చదవండి: పడక, దిండు, మెలకువ, అలసట, కల, దుప్పటి, కునుకు, మంచం, గురక, జోల, రాత్రి, ఆవలింత, విశ్రాంతి, మగత, ఉయ్యాల. వెంటనే రాయనివ్వకుండా, నూరు నుంచి మూడేసి తగ్గిస్తూ అర నిమిషం పాటు మనసులో లెక్కించమనండి. ఆ తర్వాత గుర్తున్న పదాలన్నీ రెండు నిమిషాలలో రాయాలి. ఖచ్చితంగా విన్నామనుకున్న పదం పక్కన టిక్కు, అనుమానంగా ఉన్నదాని పక్కన ప్రశ్నార్థకం పెట్టించడం మరచిపోవద్దు. పాఠం అంతా ఆ టిక్కుల మీదే నడుస్తుంది.

ఇప్పుడు చేతులెత్తించండి. 'పడక' రాసినవారు ఎందరు? 'అలసట' ఎందరు? 'జోల' ఎందరు? ప్రతి అంకెనూ బోర్డు మీద వేయండి. వాటి మధ్యలో, గొంతు మార్చకుండా, 'నిద్ర' రాసినవారు ఎందరని అడగండి. సాధారణంగా చాలా చేతులు లేస్తాయి. వారిలో టిక్కు పెట్టినవారిని చేతులు అలాగే ఉంచమనండి. ఆ తర్వాత జాబితాను బోర్డు మీద రాసి, 'నిద్ర' ఎక్కడుందో వెతకమనండి. తరగతిలో వాదన మొదలవుతుంది. మీరు చదివారని కొందరు గట్టిగా పట్టుబడతారు. ఆ వాదనను ఆపవద్దు. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ అశ్రద్ధగా లేరు, అయినా లేనిదాన్ని నమ్మకంగా గుర్తుచేసుకున్నారన్న విషయం వారు తమలో తామే గమనించుకోవలసిన క్షణం అది. జరగదని ముందుగా రాసినవారి చేత ఆ కాగితాన్ని మళ్లీ చదివించండి.

1959లో డీస్ అనే పరిశోధకుడు వాడిన ఇదే పద్ధతిని రోడిగర్, మెక్‌డెర్మట్ అనే పరిశోధకులు 1995లో తిరిగి పరీక్షించినప్పుడు, జాబితాలో లేని కీలక పదాన్ని మొదటి ప్రయోగంలో 40 శాతం సందర్భాలలో, రెండవ ప్రయోగంలో 55 శాతం సందర్భాలలో పాల్గొన్నవారు రాశారు. మీ తరగతి శాతాన్ని ఈ అంకెల పక్కన వేసి చూపించండి. మీ ఫలితం ఎక్కువగానో తక్కువగానో వస్తే అది మరీ మంచిది. పదాల ఎంపిక వల్లా, చదివిన వేగం వల్లా, మధ్యలో ఇచ్చిన లెక్క వల్లా అన్న చర్చ దానంతట అదే పుడుతుంది. అదే కాగితాలతో ఇంకో లెక్క కూడా వేయించవచ్చు: జాబితా ఆరంభంలోని పదాలు, చివరి పదాలు, మధ్యలోని పదాలు ఎందరికి గుర్తున్నాయో గీత గీయిస్తే మధ్యభాగం కుంగి కనిపిస్తుంది. చివరి పదాలు మరీ ఎక్కువగా గుర్తుండకపోతే, అర నిమిషం లెక్క పెట్టించడమే అందుకు కారణం కావచ్చునేమో విద్యార్థులనే ఆలోచించనివ్వండి.

ఇదంతా అయ్యాకే లాఫ్టస్, పామర్ 1974లో చేసిన పరిశోధనను చెప్పండి. కార్లు ఢీకొన్న దృశ్యాన్ని చూసినవారిని వేగం ఎంత ఉండవచ్చునని అడిగినప్పుడు, ప్రశ్నలో 'నుజ్జునుజ్జయ్యేలా ఢీకొన్నప్పుడు' అనే అర్థమిచ్చే క్రియ వాడితే సగటు అంచనా గంటకు 40.8 మైళ్లుగా, 'తాకినప్పుడు' అనే అర్థమిచ్చే క్రియ వాడితే 31.8 మైళ్లుగా వచ్చింది. మరో ప్రయోగంలో, దృశ్యంలో లేని పగిలిన గాజును చూశామని వారం తర్వాత చెప్పినవారు, బలమైన క్రియను విన్న 50 మందిలో 16 మంది ఉండగా, వేగం గురించి ఏ ప్రశ్నా అడగని 50 మందిలో 6 మందే ఉన్నారు. సాక్షి నమ్మకంగా చెప్పడానికీ, చెప్పింది నిజం కావడానికీ మధ్య ఉన్న దూరం ఈపాటికి విద్యార్థులకు సొంత అనుభవంగా తెలిసి ఉంటుంది కాబట్టి, ఈ అంకెలు వారికి పరాయివిగా తోచవు. 'మిథ్యాస్మృతి' (జరగనిదాన్ని జరిగినట్లు గుర్తుచేసుకోవడం), 'పునర్నిర్మాణం' (గుర్తుచేసుకునే ప్రతిసారీ జ్ఞాపకాన్ని కొత్తగా కూర్చుకోవడం) అన్న పదాలను బోర్డు మీద రాయవలసింది ఇప్పుడే.

నాలుగవ మెట్టు: ప్రదర్శన నుంచి ప్రయోగానికి తీసుకువెళ్లడం

పైన చేసినది నిజానికి ప్రదర్శన మాత్రమే. పోల్చడానికి రెండవ వర్గం లేదు. ఈ లోపాన్ని విద్యార్థులే కనిపెట్టేలా ప్రశ్నలు వేసి, తర్వాత వారి చేత రెండు వర్గాలున్న ప్రయోగాన్ని రూపొందింపజేయండి. అందుకు అనువైన ప్రశ్న వారికి నేరుగా ఉపయోగపడేదే: పాఠాన్ని మళ్లీ మళ్లీ చదవడం మేలా, ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాయడం మేలా?

వర్గాలను బెంచీల వారీగా విభజించకూడదు. ముందు బెంచీలలో కూర్చునేవారు, వెనుక బెంచీలలో కూర్చునేవారు అనేక విషయాలలో ముందే భిన్నంగా ఉండవచ్చు. నాణెం ఎగరవేసి ఎవరు ఏ వర్గమో తేల్చడం వల్ల ఆ తేడాలు రెండు వైపులా ఇంచుమించు సమానంగా చెదిరిపోతాయి. స్వతంత్ర చరం (మనం కావాలని మార్చే అంశం) ఏది, దేన్ని కొలుస్తున్నాం, పాఠం నిడివినీ సమయాన్నీ ఎందుకు ఒకేలా ఉంచాలి అన్నవి ఇక్కడ పని అవసరాలుగా వస్తాయి గాని, బట్టీ పట్టవలసిన నిర్వచనాలుగా కాదు. ప్రతి వర్గంలోనూ సగం మందికి ఐదు నిమిషాల తర్వాత, మిగతా సగానికి వారం తర్వాత పరీక్ష పెట్టండి.

రోడిగర్, కార్పికె 2006లో ప్రచురించిన ఫలితాలలో ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారు 81 శాతం, గుర్తుచేసుకుని రాసినవారు 75 శాతం జ్ఞాపకం ఉంచుకున్నారు. వారం గడిచేసరికి మళ్లీ చదివినవారు 42 శాతానికి పడిపోగా, గుర్తుచేసుకుని రాసినవారు 56 శాతం దగ్గర నిలిచారు. ఫలితం తారుమారు కావడమే ఇక్కడ బోధించవలసిన విషయం. చదువుతున్నప్పుడు 'బాగా వచ్చేసింది' అనిపించే భావన దీర్ఘకాలిక జ్ఞాపకానికి కొలమానం కాదన్న సంగతి ఈ ఒక్క పట్టికలో ఉంది. మీ తరగతి చిన్నదైతే ఇంత స్పష్టంగా రాకపోవచ్చు, అసలు వ్యతిరేకంగానే రావచ్చు. అప్పుడు ఫలితాన్ని దాచిపెట్టకుండా, తక్కువ మందితో చేసిన కొలతలు ఎందుకు ఊగిసలాడతాయో చెప్పడానికి ఆ అవకాశాన్ని వాడుకోండి.

సహసంబంధం (రెండు విషయాలు కలిసి మారడం) వేరు, కారణం వేరు అన్న విషయాన్నీ ఇక్కడే ముగించవచ్చు. రాత్రి ఎక్కువసేపు ఫోన్ చూసేవారికి నిద్ర తక్కువని ఒక సర్వేలో తేలితే, ఫోన్ వల్ల నిద్ర పట్టడం లేదా, నిద్ర పట్టక ఫోన్ చూస్తున్నారా, లేక ఆందోళన అనే మూడవ కారణం రెండింటినీ నడిపిస్తోందా అని మూడు బాణాలు గీయించండి. ఏ బాణం సరైనదో తేల్చడానికి ఎలాంటి ప్రయోగం కావాలో ఇంటిపనిగా రాసుకు రమ్మనండి.

ఐదవ మెట్టు: పేరు పెట్టడాన్ని వివరణగా పొరబడనివ్వకపోవడం

ఈ అలవాటు విద్యార్థులలో ఎంత బలంగా ఉంటుందో, ఉపాధ్యాయులలోనూ అంతే ఉంటుంది. 'అతను ఎందుకు కొట్టాడు?' అంటే 'దూకుడు స్వభావం కాబట్టి' అంటారు. 'దూకుడు స్వభావమని ఎలా తెలిసింది?' అంటే 'కొట్టాడు కదా' అంటారు. ప్రవర్తనకు పేరు పెట్టి, ఆ పేరునే దానికి కారణంగా చూపించే ఈ చక్రాన్ని తెంచడానికి ఒక సులువైన నియమం ఉంది: పారిభాషిక పదాన్ని వాడిన ప్రతి విద్యార్థినీ, ఆ పదం వాడకుండా అదే విషయాన్ని మరోసారి చెప్పమని అడగండి. ముందు ఏం జరిగింది, వ్యక్తి ఏం చేశారు, తర్వాత ఏం జరిగింది అన్న మూడు భాగాలలో చెప్పగలిగితే విషయం అర్థమైనట్లు.

పునర్బలనం (ప్రవర్తన తర్వాత జరిగేది ఆ ప్రవర్తనను పెంచడం) పాఠంలో ఈ నియమం చాలా ఆదుకుంటుంది. ఋణాత్మక పునర్బలనం అనగానే శిక్ష అని రాసేవారే ఎక్కువ. సీటు బెల్టు పెట్టుకునేదాకా కారులో మోగే శబ్దాన్ని ఉదాహరణగా తీసుకోండి. బెల్టు పెట్టుకున్నారు, చికాకు పెట్టే శబ్దం ఆగిపోయింది, కాబట్టి రేపు ఇంకా త్వరగా పెట్టుకుంటారు. ఒకటి తొలగింది, ప్రవర్తన పెరిగింది: ఇదే ఋణాత్మక పునర్బలనం. శిక్షలో ప్రవర్తన తగ్గాలి. 'ఏదైనా చేరిందా, తొలగిందా?', 'ప్రవర్తన పెరిగిందా, తగ్గిందా?' అన్న రెండు ప్రశ్నలను మాత్రమే వరుసగా అడగడం అలవాటు చేస్తే, పేర్ల గందరగోళం తగ్గిపోతుంది.

ఆరవ మెట్టు: మెదడును అవసరమైన చోట ప్రవేశపెట్టడం

పెద్దవారి మెదడు సుమారు 1.3 నుంచి 1.4 కిలోల బరువుంటుందనీ, అందులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు (నాడీకణాలు) ఉంటాయనీ చెప్పడం ఆశ్చర్యం కలిగిస్తుంది గాని, ప్రవర్తన గురించి ఏమీ నేర్పదు. మెదడును ఒక ప్రశ్నకు జవాబుగా తీసుకురండి. జ్ఞాపకం పాఠం పూర్తయ్యాక, మూర్ఛవ్యాధిని అదుపు చేయడానికి 1953లో శస్త్రచికిత్స చేయించుకున్న హెన్రీ మొలైసన్ కథ చెప్పండి. మెదడులో కొత్త జ్ఞాపకాలు ఏర్పడడానికి అవసరమైన హిప్పోకాంపస్ అనే భాగాన్ని రెండు వైపులా చాలావరకు తొలగించాక, కొత్తగా కలిసిన మనుషులను, జరిగిన సంఘటనలను ఆయన గుర్తుంచుకోలేకపోయారు. అయినా అద్దంలో చూస్తూ నక్షత్రాకారం చుట్టూ గీత గీసే పనిలో, ఆ పని అంతకుముందు చేసినట్లే గుర్తులేకున్నా, రోజురోజుకూ మెరుగయ్యారని పరిశోధకురాలు బ్రెండా మిల్నర్ గమనించారు. ఇక్కడ ఆగి, 'జ్ఞాపకం ఒకటేనా?' అని అడగండి. సమాధానం వారి నుంచే వస్తుంది. అద్దంలో గీసే పనిని తరగతిలో చేయించడానికి ఒక చిన్న అద్దం, కాగితం చాలు.

మనం మెదడులో పది శాతమే వాడుతున్నామన్నదీ, కొందరిది ఎడమ మెదడు, కొందరిది కుడి మెదడు అన్నదీ ఆధారం లేని నమ్మకాలని సూటిగా చెప్పి ముందుకు సాగండి. చూసి నేర్చుకునేవారు, విని నేర్చుకునేవారు అంటూ విద్యార్థులను విడదీసి, ఆ శైలికి తగ్గట్లు బోధిస్తే మేలు జరుగుతుందన్న వాదనకు కూడా తగిన ఆధారాలు లేవని 2008లో వెలువడిన పాష్లర్ బృందం సమీక్ష తేల్చింది. ఈ చివరిది మన ఉపాధ్యాయ వృత్తిలోనే పాతుకుపోయిన నమ్మకం కాబట్టి, చెప్పడానికి కొంత ధైర్యం కావాలి.

ఏడవ మెట్టు: ప్రసిద్ధ ప్రయోగాలను విమర్శతో కలిపి చెప్పడం

సాంఘిక ప్రభావం పాఠంలో కథలు బాగా పండుతాయి, ప్రమాదమూ అక్కడే ఉంది. గుంపులోని మిగతావారంతా ముందే కూడబలుక్కుని గీతల పొడవు గురించి తప్పు జవాబు చెబితే ఒక్క వ్యక్తి ఏం చేస్తారో చూడడానికి 1950లలో ఆష్ చేసిన ప్రయోగాన్ని 'మనుషులు గుంపును అనుసరిస్తారు' అని ఒక్క వాక్యంలో ముగించేస్తుంటారు. తప్పు జవాబు వైపు మొగ్గినవి కీలక సందర్భాలలో సుమారు మూడో వంతు మాత్రమేననీ, అంటే ఎక్కువ సందర్భాలలో పాల్గొన్నవారు తమ కళ్లనే నమ్మారనీ, ఒక్క తోడు సరైన జవాబు చెప్పినా గుంపు ప్రభావం బాగా తగ్గిపోయిందనీ చెప్పకపోతే ప్రయోగంలో సగం మిగిలిపోయినట్లే. నిర్వాహకుడు చెప్పినందుకు మరో వ్యక్తికి విద్యుదాఘాతాలు ఇస్తున్నామని పాల్గొన్నవారు నమ్మిన, మిల్‌గ్రామ్ 1963లో ప్రచురించిన ప్రయోగంలో 40 మందిలో 26 మంది 450 వోల్టుల దాకా వెళ్లారన్న అంకెతో పాటు, పాల్గొన్నవారు ఎంత మానసిక ఒత్తిడికి గురయ్యారో, నేడు అలాంటి ప్రయోగాన్ని యథాతథంగా ఎందుకు అనుమతించరో కూడా చర్చించాలి. రెండు వారాలకు ఉద్దేశించి ఆరు రోజులకే ఆపేసిన 1971 నాటి స్టాన్‌ఫర్డ్ జైలు అధ్యయనాన్ని (విద్యార్థులు ఖైదీలుగా, కాపలాదారులుగా నటించినది), కాపలాదారులకు నిర్వాహకులు ఇచ్చిన సూచనల గురించి తర్వాత వచ్చిన తీవ్ర విమర్శలతో కలిపి, పద్ధతి ఎక్కడ తప్పిందో వెతికే అభ్యాసంగా వాడుకోవడమే సబబు.

2015లో వంద మనస్తత్వశాస్త్ర అధ్యయనాలను తిరిగి చేసి చూసినప్పుడు, మునుపటిలా గణాంకపరంగా గణనీయమైన (కాకతాళీయమని కొట్టిపారేయలేని) ఫలితం సుమారు 36 శాతం అధ్యయనాలలోనే వచ్చింది. ఈ సంగతి చెబితే శాస్త్రం మీద నమ్మకం పోతుందేమోనని కొందరు వెనకాడతారు. తనను తాను పరీక్షించుకుని ఆ ఫలితాన్ని ప్రచురించిన శాస్త్రాన్ని విద్యార్థులు మరింత గౌరవంగా చూసే అవకాశమే ఎక్కువ.

ఎనిమిదవ మెట్టు: హద్దులు ముందే చెప్పడం

మానసిక రుగ్మతల అధ్యాయం మొదలైన వారానికే విద్యార్థులు తమకూ, తమ స్నేహితులకూ, ఇంట్లోవారికీ రోగ నిర్ధారణలు చేయడం ప్రారంభిస్తారు. లక్షణాల జాబితా చదివితే కొన్ని ఎవరికైనా ఉన్నట్లే తోస్తాయనీ, తీవ్రత, వ్యవధి, రోజువారీ జీవితానికి కలిగే ఆటంకం చూసి శిక్షణ పొందిన నిపుణులే నిర్ధారించాలనీ పాఠానికి ముందే చెప్పాలి. తరగతిలో ఎవరి పేరూ ఉదాహరణగా రాకూడదు. సొంత అనుభవం చెప్పమని ఎవరినీ బలవంతం చేయకూడదు. ఎవరైనా తమంతట తాముగా బాధాకరమైన విషయం బయటపెడితే, అందరి ముందూ దాన్ని విశ్లేషించకుండా, పీరియడ్ తర్వాత విడిగా మాట్లాడి, సలహాదారు దగ్గరకు గాని తగిన పెద్దల దగ్గరకు గాని చేర్చాలి. ప్రాణానికి ముప్పున్న విషయాన్ని రహస్యంగా ఉంచుతామని మాట ఇవ్వకూడదు.

ప్రయోగాలలో పాల్గొనడం ఐచ్ఛికమనీ, పాల్గొననివారికి మార్కులు తగ్గవనీ చెప్పి, వారికి లెక్కలు నమోదు చేసే పని ఇవ్వండి. ఆష్ ప్రయోగాన్ని ఒక విద్యార్థి మీద, మిగతా తరగతిని కూడగట్టుకుని చేయడం అస్సలు తగదు. కాస్త మోసపుచ్చవలసి వచ్చే ప్రదర్శనలలో ఫోరర్ పద్ధతి నిరపాయకరం: మూర్తిమత్వ పరీక్ష పేరుతో ప్రశ్నపత్రం నింపించి, అందరికీ ఒకే వర్ణన రాసిన కాగితాలు విడివిడిగా పంచి, అది తమకు ఎంత సరిపోతుందో ఐదుకు మార్కులు వేయమనాలి. 1949లో ఫోరర్ ప్రచురించిన ఫలితంలో 39 మంది విద్యార్థులు ఇచ్చిన సగటు 4.26. కాగితాలు పక్కవారితో మార్చుకుని చదవమన్నప్పుడు విషయం బయటపడుతుంది. అదే పీరియడ్‌లో పూర్తి వివరణ ఇవ్వాలి, మరుసటి రోజుకు వదలకూడదు.

తొమ్మిదవ మెట్టు: ఏం నేర్చుకున్నారో కొలవడం

'పునర్బలనాన్ని నిర్వచించి, రకాలను వివరించుము' అన్న ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి, సీటు బెల్టు ఉదాహరణను శిక్ష అని రాయగలడు. అందుకే ప్రశ్నపత్రంలో కనీసం సగం, తరగతిలో చెప్పని సందర్భాలతో ఉండాలి. ఒక నమూనా చూడండి: 'కొత్త పద్ధతిలో చదివిన విద్యార్థులకు ఎక్కువ మార్కులు వచ్చాయని ఒక ప్రకటన చెబుతోంది. ఆ పద్ధతిని ఎంచుకున్నది విద్యార్థులే. ఈ ప్రకటనను నమ్మే ముందు మీరు అడగవలసిన మూడు ప్రశ్నలు రాసి, ప్రతిదానికీ కారణం చెప్పండి.' దిద్దేటప్పుడు పారిభాషిక పదం రాలేదని మార్కులు తగ్గించకండి. యాదృచ్ఛిక విభజన (నాణెం ఎగరవేసి వర్గాలు తేల్చడం వంటిది) అన్న మాట లేకుండానే, ఆసక్తి ఉన్నవారే ఆ పద్ధతిలో చేరి ఉండవచ్చునని రాసిన విద్యార్థికి విషయం వచ్చినట్లే. పదం మాత్రమే రాసి, అది ఈ సందర్భంలో ఎందుకు అవసరమో రాయనివారికి సగం మార్కులు మించి ఇవ్వకూడదు.

మొదటి రోజు రాయించిన ఊహల కాగితాలను పారేయకుండా దాచి ఉంచి, సంవత్సరాంతంలో ఎవరివి వారికి తిరిగి ఇచ్చి, అందులో ఒక వాక్యాన్ని ఎంచుకుని దాన్ని పరీక్షించదగిన పరికల్పనగా మార్చి, రెండు వర్గాలతో ఒక ప్రయోగ ప్రణాళిక రాయమనడం చివరి అభ్యాసంగా సరిపోతుంది. దీనికి మార్కులు వేసేటప్పుడు ఊహ నిజమా కాదా అన్నది చూడనవసరం లేదు. ఏ ఫలితం వస్తే తన ఊహ తప్పని ఒప్పుకుంటారో విద్యార్థి ముందుగానే రాశారా లేదా అన్నది చూడండి.